సోమశిల దగ్గర రిసార్టు చెత్త: మంచు కొండల ప్లాన్ మన ఎండకు పనికొస్తుందా?

గట్టుమీది మేనేజర్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. కొల్లాపూర్ దాటి సోమశిల పోయే దారిలో, కృష్ణ ఒడ్డున 28 గదుల రిసార్టు. చెత్త పద్ధతి మార్చాలని ఓనర్ గారు ఒక కన్సల్టెంట్‌తో ప్లాన్ రాయించారు. తీరా చదివితే అది ఎక్కడో స్కీ రిసార్టుకు రాసింది. "లిఫ్ట్ స్టేషన్" ఉన్న చోట "బోటింగ్ పాయింట్" అని మార్చారంతే. ఒక పేజీలో "మంచు తీసే బండి తిరిగే దారిలో డబ్బాలు పెట్టరాదు" అన్న వాక్యం అట్లనే మిగిలిపోయింది.

అందులో కొనమన్నవి: ఎలుగుబంటి తెరవలేని డబ్బాలు 24, రోజుకు 100 కిలోలు పట్టే హీటరు కంపోస్టు మెషీన్, ఒక బేలింగ్ ప్రెస్సు (పొడి చెత్తను నొక్కి కట్టలు కట్టే మెషీన్). చెత్త బండి వారానికి ఒకసారి వస్తే చాలంట.

రెండు వారాలు తూచి చూశాం. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు 35–40 కిలోలు. శని, ఆదివారాల్లో 115–120. అందులో దగ్గర దగ్గర 60 శాతం తడి చెత్త: మిగిలిన అన్నం, బిర్యానీ, కూరగాయల తొక్కలు, బొక్కలు, జ్యూస్ కౌంటర్ నుంచి బత్తాయి తొక్కలు. పొడి చెత్తలో నీళ్ల బాటిళ్లు, బీరు సీసాలు, చిప్స్ ప్యాకెట్లు, అట్టపెట్టెలు. పంచాయతీ ట్రాక్టర్ రోజు విడిచి రోజు వస్తుంది, అన్నీ ఒకే ట్రాలీలో వేసుకుపోతుంది. పగలు కోతులు, రాత్రి అడవి పందులు.

ఈ ప్లాన్‌లో ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి? మెషీన్ కొనాలా, తొట్లు కట్టాలా? చిప్స్ ప్యాకెట్లు తీసుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఎండాకు (జవాబు)

ముందు మెషీన్ సంగతి తేల్చుకోండి, డబ్బులో పెద్ద ముక్క అక్కడే పోతుంది.

"24 గంటల్లో ఎరువు" అనే హీటరు మెషీన్ చేసేది ఎండబెట్టడం, ఎరువు చేయడం కాదు. వంటింటి చెత్తలో ముప్పాతిక వంతు నీళ్లే. మీ శనివారం తడి చెత్త 70 కిలోలనుకుంటే నీరే 50 కిలోలు దాటుతుంది. కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 0.7 యూనిట్ కరెంటు కావాలి. అంటే 35 యూనిట్లు. మూతలోంచి, గోడల్లోంచి పోయే వేడి కలుపుకుంటే 45–50. ఇంత కరెంటు కాల్చాక వచ్చే గోధుమరంగు పొడిని కుండీలో వేసి నీళ్లు పోస్తే రెండు మూడు రోజుల్లో తెల్లబూజు పట్టి పుల్లకంపు కొడుతుంది. నీళ్లు లేక కుళ్లడం మధ్యలో ఆగింది, నీళ్లు తగలగానే మళ్లీ మొదలైంది. బయట గడ్డకట్టే చలి ఉన్నచోట హీటరుకు అర్థం ఉంది. వేసవిలో 42 దాటే పాలమూరులో చెత్తకు హీటరెందుకండీ.

ఆరు జాలీ ఇటుక తొట్లు కట్టించండి. లోపలి కొలత మీటరు పొడవు, మీటరు వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తు. ఇంతకంటే చిన్నదైతే కుప్పలో వేడి నిలవదు. మరీ పెద్దదైతే నడిమధ్యకు గాలి చేరదు. లెక్క ఇదీ: మీ తడి చెత్త వారానికి సుమారు 250 కిలోలు, అంటే 450–500 లీటర్లు. దానికి ఒకటిన్నర రెట్లు పొడి సరుకు కలిపితే, సందులు పూడి, వెయ్యి లీటర్ల చిల్లరవుతుంది. వారానికి ఒక తొట్టి. మూడు వారాలకు కుప్ప సగానికి దిగుతుంది, అప్పుడు రెండు తొట్లది ఒకదాంట్లోకి తిరగెయ్యాలి. అట్లా ఆరు తొట్లతో ఏడు వారాల చక్రం నడుస్తుంది. ఏడు వారాల తర్వాత జల్లెడ పట్టి తోటకు వేసుకోవచ్చు.

కింద సిమెంటు గచ్చు, ఒక పక్కకు వాలు, చివర రెండంగుళాల పైపు, దాని కింద ఊట నీళ్లకు 50 లీటర్ల డ్రమ్ము. ఇటుక జాలీకి లోపలివైపు అరంగుళం కంతల వెల్డ్ మెష్ తప్పనిసరి, లేకపోతే ఎలుకలు కాపురం పెడతాయి. పైన రేకు గోడకు రెండడుగులు బయటికి రావాలి, వాన జల్లు జాలీలోంచే కొడుతుంది.

పొడి సరుకుకు దూరం పోనక్కర్లేదు. మీ చుట్టుపక్కలంతా పల్లి పండే నేలే, పల్లి మిల్లులో పొట్టు అడగండి. వంటింటి చెత్తలో కార్బన్-నైట్రోజన్ నిష్పత్తి 15 దగ్గర ఉంటుంది, కుప్పకు కావాల్సింది 25–30. ఎండాకులో 40–60 ఉంటుంది కాబట్టి లెక్క సరిచేసేది అదే. పల్లి పొట్టు పని గాలికి సందు ఇవ్వడం. రెండు వంతులు ఎండాకు, ఒక వంతు పల్లి పొట్టు. రంపపు పొట్టులో 300 పైనే, అది ఎక్కువేస్తే కుప్ప చల్లబడి కూర్చుంటుంది. వరి ఊక చవక కదా అని తేకండి. దాంట్లో సిలికా ఎక్కువ, ఏడు వారాల తర్వాత కూడా ఊక ఊకలాగే కనబడుతుంది.

అడుగున జానెడు మందం పత్తి కట్టె పరచండి. ఆ పైన బకెట్ లెక్క: తడిది ఒకటి, పొడిది ఒకటిన్నర, గుప్పెడు పాత ఎరువు. పొరలు పొరలుగా కాదు, గచ్చు మీద పారతో కలిపి వెయ్యాలి. రోజు పని ముగిసేసరికి పైన తడి ముక్క ఒక్కటీ కనబడకూడదు, మూడు వేళ్ల మందం ఎండాకు కప్పేయాలి. ఈగలను ఆపేది ఈ కప్పే, స్ప్రేలు కాదు.

అందరూ దెబ్బతినేది అన్నంతో. బిర్యానీ గిన్నెలోంచి ముద్దగా దొర్లించేస్తారు. వారం తర్వాత ఆ ముద్దను విప్పితే పైన గోధుమరంగు, లోపల తెల్లగా, జిగటగా, కల్లు కుండ వాసనతో అట్లే ఉంటుంది. గాలి లోపలికే పోలేదు. అందుకే అన్నం, గ్రేవీ ముందు కంతల బుట్టలో గంటసేపు వార్చి, చేత్తో చిదిమి, పల్లి పొట్టులో పొర్లించి వెయ్యాలి. వార్చిన నూనె నీళ్లు గ్రీజు ట్రాపుకు (నూనెను ఆపే తొట్టికి) పోవాలి, తొట్టికి కాదు. కోడి బొక్కలు వేడికి మెత్తబడతాయి, జల్లెడలో మిగిలినవి మళ్లీ తొట్లోకి. మటన్ బొక్కలు వేరే పెట్టండి, కుక్కలను, పందులను పిలిచేవి అవే.

మూడో రోజుకు కుప్ప లోపల 55–65 డిగ్రీలు రావాలి, కనీసం మూడు రోజులు నిలవాలి. థర్మామీటర్ లేకపోతే ఇనుప సలాక మధ్యలోకి గుచ్చి ఐదు నిమిషాలాగి తియ్యండి. చేతిలో పట్టుకోలేనంత వేడి ఉంటే సరే. గోరువెచ్చగా ఉంటే తడి తక్కువో, గాలి తక్కువో. గుప్పిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కారితే పొడి సరుకు, ఏమీ రాకపోతే నీళ్లు. ఏప్రిల్, మే నెలల్లో జాలీ అంచులు రెండు రోజుల్లో గలగలలాడతాయి, తడి గోనె పట్టాలు కట్టండి. పుల్లటి వాసన వస్తే తిరగేసి పొడి పెంచండి. ముక్కు మండే అమోనియా వాసనైతే ఎండాకు చాల్లేదన్నమాట. వానాకాలంలో బూడిదరంగు లావు పురుగులు లుకలుకలాడితే మందు కొట్టకండి. అవి నల్ల సైనిక ఈగ పిల్లలు, మీ పని మీకంటే వేగంగా చేస్తాయి.

మంచుకొండ (జవాబు)

ఆ ప్లాన్ తప్పుల తడకేం కాదు, వేరే ఊరి జాతకం, అంతే. అందులో ఏది ఎందుకు ఉందో తెలిస్తే ఏది ఉంచుకోవాలో తేలుతుంది.

వారానికి ఒక బండి ఎందుకంటే అక్కడ డిసెంబరు నుంచి మార్చి దాకా చెత్త బయట పెడితే గడ్డకడుతుంది, కుళ్లదు, వాసన రాదు. మంచు పడి దారి మూసుకుపోతే ఆ వారం బండి రాదు కూడా. అందుకే వాళ్ల దగ్గర నిల్వ గదులు పెద్దవి. మీ దగ్గర మేలో మధ్యాహ్నం పెట్టిన తడి చెత్త సాయంత్రానికే ఈగలతో నిండిపోతుంది. అదే రోజు తొట్టెక్కాలి. వారం లెక్క మీ పొడి చెత్తకు మాత్రం సరిపోతుంది.

ఎలుగుబంటి డబ్బా సంగతి సరదాగా ఉంటుంది. దాని గొళ్లెం బయటికి కనబడదు. మూత అంచు కింద చిన్న సంచిలాంటి గూడు, దాంట్లోకి వేళ్లు పోనిచ్చి లోపలి మీట నొక్కాలి. ఎలుగు పంజా ఆ గూట్లో పట్టదు. కోతి చెయ్యి పడుతుంది! ఒక కోతి కనిపెడితే గుంపుకంతా విద్య వచ్చేస్తుంది. అంత బరువు డబ్బాలు 24 కొని కోతులకు అప్పగించొద్దు.

ఉంచుకోదగ్గవి మూడు. మొదటిది: పైకి పోయిన ప్రతి వస్తువూ కిందికి రావాలి. గుల్మార్గ్ గండోలా పై స్టేషన్ 3,980 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ టీ కప్పు పారేస్తే దాన్ని దించడానికి కేబుల్ కారే గతి. మీకు గండోలా బదులు బోటు. బోటెక్కేటప్పుడు ఎన్ని బాటిళ్లు ఇచ్చారో రాసుకోండి, దిగేటప్పుడు అన్నీ లెక్కకు రావాలి. బోటులో డబ్బా పెడితే గాలికి సగం నీళ్లలో పడుతుంది. మూతి బిగించే సంచి పెట్టండి.

రెండోది, వారాంతపు పోటు. స్కీ రిసార్టుకూ మీకూ జనం ఒకే తీరుగా వస్తారు: అయిదు రోజులు ఖాళీ, రెండు రోజులు కిటకిట. నిల్వ చేసే చోటు ఆదివారం లెక్కన, ప్రాసెస్ చేసే తొట్లు వారం సగటు లెక్కన కట్టాలి. రెండూ ఆదివారం లెక్కన కడితే డబ్బు దండగ. రెండూ సగటున కడితే సోమవారం పొద్దున వంటింటి వెనక గుట్ట.

మూడోది ఆ ప్లాన్‌లో "వసంతకాలపు శుభ్రత" అన్న పేజీ. మంచు కరిగినప్పుడు లిఫ్టు తీగల కింద నేల మీద నాలుగు నెలల సిగరెట్ పీకలు, సీసాలు ఒక్కసారిగా బయటపడతాయి. మీకు అదే పని శ్రీశైలం రిజర్వాయర్ చేస్తుంది. అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి తేలే రోజుల్లో మీ ఒడ్డున ఏడాది చెత్త కూడా తేలుతుంది. నీటిమట్టం బాగా దిగిన వారం చూసుకొని ఒకేసారి ఏరించండి. బురద ఎండి గట్టిపడ్డాక, మొదటి వరద రాకముందు. బురద ఆరకముందు దిగితే మనుషులు కూరుకుపోతారు.

పాత సామాన్ల లెక్క (జవాబు)

అన్నా, బేలింగ్ ప్రెస్సు కొనకు. లీటర్ నీళ్ల బాటిల్ ఖాళీది 20 గ్రాముల చిల్లర ఉంటది. కిలోకు 50 బాటిళ్లు అనుకో. వారానికి 600 బాటిళ్లు పడ్డా 12 కిలోలే. ప్రెస్సుకు ఒక్క బేలు సరిపడా సరుకు జమయ్యే వరకు నెలలు పడ్తది, అప్పటికి ప్రెస్సు తుప్పు పడ్తది. మూత తీసి, కాలితో తొక్కి, మళ్ల మూత బిగియ్యాలె, ఉబ్బకుంట ఉంటది. తొక్కని బాటిళ్లు జంబో బ్యాగులో 20–25 కిలోలు పడ్తయి, తొక్కితే దానికి రెండింతలు. ఇది ఎందుకు చెప్తున్న అంటే, బండి కిరాయి బరువుకు కాదు, జాగకు పోతది. టాటా ఏస్ నిండ ఉత్త బాటిళ్లు నింపితే వంద కిలోలు దాటది, డీజిల్ పైసలు కూడా ఎల్లయి. మూడు నాలుగు వారాలు జమ చేసి, అట్ట, సీసాలు, ఇనుము కలిపి ఒక్క ట్రిప్పు కొట్టు.

బీరు సీసాలు లెక్కన పోతయి, పగిలిన గాజు కిలోన పోతది, అదీ ఎవరన్న తీసుకుంటే. కాబట్టి సీసాలు డబ్బాల ఎయ్యొద్దు, బార్ కాడనే అవే పెట్టెలల్ల నిలబెట్టున్రి. అట్టపెట్టె తడిస్తే రేటు సగానికి పడ్తది, మడత పెట్టి చెక్క మీద పెట్టున్రి, నేల మీద కాదు. పాల ప్యాకెట్లు కోసినంక ఒక్కసారి కడిగి తీగె మీద ఆరేస్తే మంచి సరుకు. కడగకుంట సంచిల కుక్కితే మూడో రోజుకు పురుగులు, ఇగ ఎవరూ ముట్టరు. కొయ్యంగ వచ్చిన చిన్న మూల ముక్కను పూర్తిగ తెంపొద్దు, అదే వంటింటి చెత్తల పడి నీ ఎరువుల తేల్తది.

మోసం చేసేవి రెండున్నయి. ఒకటి పేపర్ కప్పు. చూస్తే కాయితమే, లోపల పల్చటి ప్లాస్టిక్ పొర. తొట్ల ఏస్తే కాయితం పోయి పొర మిగుల్తది, కాయితం సంచిల ఏస్తే మిల్లోడు వాపస్ పంపుతడు. రెండోది "మట్టిల కలిసే" గ్లాసులు. అవి కరగాలంటే 55–60 డిగ్రీల వేడి వారాల తరబడి నిలవాలె, నీ తొట్ల అంత నిలవది. బాటిళ్లల్ల కలిస్తే ఆ లాట్ మొత్తం ఖరాబు. ఫంక్షన్లకు మోదుగాకు విస్తర్లు, స్టీలు గ్లాసులు పెట్టు. విస్తరి చింపి ఏస్తే తొట్ల ఎండాకు లెక్కనే పని చేస్తది. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచి బందే కాబట్టి ఆ ముచ్చటే లేదు.

చిప్స్ ప్యాకెట్లకు కబాడీల రేటు లేదు. అవి పోయే జాగ సిమెంటు ఫ్యాక్టరీ. మేళ్లచెరువు, వాడపల్లి దిక్కు బట్టీలు ఉన్నయి గద, బట్టీల సరుకు 1,450 డిగ్రీల దాకా కాల్తది, బొగ్గుకు బదులు ఇట్లాంటి ప్లాస్టిక్ కూడా ఏస్తరు. కానీ నువ్వు బ్యాగు పట్టుకొని గేటు కాడికి పోతే తీసుకోరు. లారీ లోడ్ కావాలె, ఎండింది కావాలె. దగ్గరి మున్సిపాలిటీ పొడి చెత్త కేంద్రంల మాట్లాడి వాళ్ల లోడుల కలిపియ్యి. ఒక్కటి గుర్తుంచుకో, ఫ్లెక్సీలు, పీవీసీ పైపు ముక్కలు అందుల కలపొద్దు. క్లోరిన్ బట్టీని తింటది, లోడు మొత్తం తిప్పి పంపుతరు.

నీళ్ల బాటిళ్లే తగ్గించాలంటే గదికి రెండు గాజు సీసాలు, వరండాల ఫిల్టర్. మా నల్లగొండ దిక్కు మాత్రం ఫ్లోరైడ్ భయానికి ఉత్త ఫిల్టర్ అంటే జనం నమ్మరు. నీళ్ల టెస్టు రిపోర్టు మెషీన్ పక్కన అతికియ్యాలె, అప్పుడు పట్టుకుంటరు.

గోబర్ గ్యాస్ (జవాబు)

తొట్లతో పాటు బయోగ్యాస్ కూడా లెక్కేసి చూడండి. మీ సగటు తడి చెత్త రోజుకు 36 కిలోలు. అంతే నీళ్లు కలిపితే 72 లీటర్లు, 40 రోజులు లోపల ఉండాలి, అంటే 3 ఘనపు మీటర్ల ట్యాంకు. గ్యాస్ రోజుకు 3 ఘనపు మీటర్ల దాకా, ఎల్పీజీ లెక్కన సుమారు 1.25 కిలోలు. 15 రోజులకు ఒక 19 కిలోల సిలిండర్ మిగులు. టీ, పాలు, స్టాఫ్ వంట దాంతో అవుతాయి. బిర్యానీ బట్టీకి చాలదు.

మొదలు టన్ను పేడ, అంతే నీళ్లు. మంట అంటుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ తర్వాత రోజుకు 5 కిలోలతో మొదలుపెట్టి వారానికి 5 చొప్పున పెంచాలి. చెడేది ఇక్కడే: ఆదివారం 70 కిలోలు ఒక్కసారి గుమ్మరిస్తారు. లోపల ఆమ్లం పెరిగిపోయి, గ్యాస్ వస్తుంది కానీ అంటుకోదు, పైపులోకి నురగ ఎక్కుతుంది. పీహెచ్ కాగితం (ఆమ్లం ఎంతో రంగుతో చూపేది) 6.5 కంటే కింద చూపితే వారం పాటు మేత ఆపి పేడ నీళ్లు, కొంచెం తడి సున్నం. ఆదివారం చెత్తలో ఎక్కువైంది జాలీ తొట్లోకి పంపడమే మేలు.

బత్తాయి తొక్క, నిమ్మ చెక్క ఇందులో వెయ్యొద్దు. తొక్కలోని నూనె గ్యాస్ చేసే సూక్ష్మజీవులను చంపుతుంది. బత్తాయి తొక్క ముక్కలు చేసి, రెండు రోజులు ఎండబెట్టి కంపోస్టు తొట్లో కొద్దికొద్దిగా వెయ్యండి. గుడ్డు పెంకులు, బొక్కలు కూడా వద్దు, అడుగున పేరుకుంటాయి.

గట్టుమీది మేనేజర్

చాలా థ్యాంక్స్. మెషీన్, ప్రెస్సు రెండూ కొట్టేశాం. ఇంకో మూడు అనుమానాలు. ఒకటి, కోతులకు మరి ఏ డబ్బా? రెండు, ట్రాక్టర్‌లో మళ్లీ అన్నీ కలిపేస్తే వేరు చేసి ఏం లాభం? మూడు, శనివారం 100 కిలోలు దాటుతున్నాం కదా, బల్క్ వేస్ట్ జనరేటర్ (పెద్ద మొత్తంలో చెత్త చేసే సంస్థ) కిందికి వస్తామా?

ఎండాకు

మూడోదానికి: మీ వారం మొత్తం 425 కిలోల దరిదాపు, రోజు సగటు 60. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు సగటునే చూసేవి, ఆ లెక్కన రారు. కానీ 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త నిబంధనల్లో బరువు ఒక్కటే కాదు. రోజుకు 100 కిలోల చెత్త, లేదా 40,000 లీటర్ల నీళ్లు, లేదా 20,000 చదరపు మీటర్ల ఫ్లోర్ ఏరియా, ఏ ఒక్కటి తగిలినా బల్కే. లాన్‌కు, ఈతకొలనుకు కలిపి మీ నీళ్ల వాడకం ఎంతో మీటర్ పెట్టి చూడండి. పట్టుబడితే అక్కడే పట్టుబడతారు. పైగా ఇప్పుడు వేరు చేయాల్సింది నాలుగు రకాలు: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త చెత్త. ఈ చివరిదాంట్లో బల్బులు, బ్యాటరీలు, పెయింట్ డబ్బాలు, గడువు దాటిన మందులు. ప్యాడ్లు, డైపర్లకు బాత్రూములో మూతున్న చిన్న డబ్బా, పక్కన పాత పేపర్ కవర్లు. బట్టలుతికే గది వెనక డ్రమ్ములో తగలబెట్టే అలవాటుంటే మాన్పించండి, అది కాలదు, పొగ మాత్రం మిగులుతుంది.

డబ్బా పైన రాత రాయించకండి. తడి డబ్బా మూతకు అరటి తొక్క బొమ్మ, పొడిదానికి నిజం చిప్స్ ప్యాకెట్, ఖాళీ బాటిల్ అతికించండి. పనివాళ్లకూ, అతిథులకూ అదే తొందరగా ఎక్కుతుంది. ఫంక్షన్ రోజు ప్లేట్లు దించే చోట ఒక మనిషిని నిలబెట్టండి. అక్కడ కలిసిపోయిన చెత్తను తర్వాత ఎవరూ వేరు చేయలేరు.

పాత సామాన్ల లెక్క

ట్రాక్టర్ సంగతి సింపుల్. తడిది నువ్వే తొట్ల ఏసుకుంటున్నవ్, పొడిది నాకసోంటోడు తీసుకపోతడు. ట్రాక్టర్‌కు మిగిలేది శానిటరీ, ఊడ్చిన దుమ్మే. కలిపినా నష్టం లేదు. బల్బులు, బ్యాటరీలు మాత్రం ట్రాక్టర్‌కు ఇయ్యొద్దు, పెట్టెల పెట్టి పొడి చెత్త కేంద్రంల అప్పజెప్పు. పల్లె ప్రగతి స్కీముల కట్టిన చెత్త షెడ్డు మీ ఊర్ల ఉంటే ఒకసారి పోయి చూడు, పని నడుస్తుంటే మిగిలిన అట్ట కూడా వాళ్లకే ఇయ్యొచ్చు, ఊరోళ్లతోని మంచిగుంటది.

మంచుకొండ

కోతులకు: బయట విడి డబ్బాలే వద్దు. 24 బదులు రెండు మూడు చోట్ల, మూడు వైపులా వెల్డ్ మెష్, పైన రేకు ఉన్న చిన్న గూడు కట్టించి డబ్బాలు దాని లోపల పెట్టండి. మెష్ కంత అంగుళం మించకూడదు. తలుపు స్ప్రింగుతో దానంతటదే మూసుకోవాలి, గొళ్లెం ఒకేసారి నొక్కి పైకెత్తే రకం కావాలి. పక్కకు జరిపే గడియ కోతికి పూటలో వచ్చేస్తుంది. కంపోస్టు తొట్ల మూతలకు మర బిగించే కారాబైనర్ (ఇనుప కొక్కెం) వెయ్యండి, నాలుగు చుట్లు తిప్పే ఓపిక వాటికి లేదు. తలుపు కింద సందు నాలుగు వేళ్లు కూడా ఉండొద్దు, పంది ముట్టె పెట్టి ఎత్తేస్తుంది. గూడు కాళ్లు నేలలోకి అడుగున్నర దించి కాంక్రీటు పోయించండి.